పట్నము చూచుట ఎట్లు?

మా ఎంకపల్లిలో హైదరాబాదును హైదరాబాదని పిలుచువారు అరుదు. పట్నము అందురు. మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములందు ఏ పల్లెకు పోయినను ఇదియే వాడుక. లోకములో పట్నములెన్ని యున్నను మాకు పట్నము ఒక్కటే. కోడికూయక మునుపే బంతి, చామంతి మూటలతో గుడిమల్కాపురము పూలబజారునకు పోవువారు, కూరగాయల గంపలతో మెహిదీపట్నము రైతుబజారునకు పోవువారు, పాలు పోయువారు, కూలికి పోవువారు, చదువునకు పోవువారు - వీరందరును ఏడాది పొడుగునా పట్నము పోవుచునే యుందురు. అయినను పట్నము చూచినవారు వీరిలో ఎందరు?

పూలమ్ముకొని వచ్చిన ఒక పెద్దమ్మను మేము ఈ ప్రశ్నయే అడిగితిమి. "నలభై ఏండ్ల సంది పోతున్న బిడ్డా. పూల బజారు చూసిన, ఉస్మానియా దవాఖాన చూసిన, భూమి కొట్లాటల హైకోర్టు చూసిన. ఇంకేముంటది పట్నంల?" అని ఆమె నవ్వినది. ఆ మాట మమ్ములను ఆలోచనలో పడవేసినది. దేశదేశముల నుండి యాత్రికులు వ్యయప్రయాసల కోర్చి వచ్చి చూచిపోవు నగరము మా ముంగిట నున్నది. మేము దానిని సంతగాను, ఆసుపత్రిగాను, న్యాయస్థానముగాను మాత్రమే ఎరుగుదుము. కావున ఈ ప్రసంగమున పట్నములో చూడదగిన ముఖ్యస్థలములను, వానిని చూడవలసిన వరుసను, చూచునపుడు తెలిసికొనవలసిన సంగతులను మనవి చేయుదుము.

పట్టికలు వ్రాసి యిచ్చువారు చార్మినారుతో మొదలుపెట్టుదురు. మేము నీటితో మొదలుపెట్టెదము. ఈ నగరము ఎందుకు పుట్టినదో, ఎందుకు పెరిగినదో, ఎట్లు మునిగినదో, ఎట్లు తిరిగి లేచినదో నీటివెంట నడచినవారికి సులభముగా బోధపడును. ఆ నీరును మా పల్లెల ప్రక్కగానే పట్నమునకు పోవుచున్నది.

చేవెళ్ల, మొయినాబాదుల మీదుగా పట్నమునకు పోవు రహదారికి ఇరువైపుల పెద్ద పెద్ద మర్రిచెట్లు కలవు. ఊడలు దిగి, కొమ్మలు నడుమ కలిసి, ఎండవేళ పందిరివలె నీడనిచ్చు ఈ చెట్లే మా యాత్రలో మొదటి దర్శనీయము. రహదారిని వెడల్పు చేయు సందర్భమున వీని భవితవ్యమును గూర్చిన వివాదము హరిత ధర్మాసనము వరకు పోయినది. ఇరుకు దారిలో ప్రాణములు పోవుచున్న మాటయు నిజమే, ఇట్టి చెట్లు ఒకసారి పోయిన మన మనుమల కాలమునకును తిరిగి రావన్న మాటయు నిజమే.

ఈ దారికి ఉత్తరమున మూసీనదిపై ఉస్మాన్‌సాగరు, దక్షిణమున ఈసీనదిపై హిమాయత్‌సాగరు కలవు. మొదటిదానిని గండిపేట చెరువనియు అందురు. గండిపేట నీరు త్రాగినవాడు హైదరాబాదు విడిచిపోడని ఒక నానుడి. ఆ జలాశయపు టొడ్డుననే చిలుకూరు బాలాజీ దేవాలయమున్నది. ఇక్కడ హుండీ లేదు. కోరిక చెప్పుకొనువారు 11 ప్రదక్షిణములు చేయుదురు, అది నెరవేరినవారు వచ్చి 108 చేయుదురు. విదేశములకు పోగోరు యువకులు పెక్కుమంది వచ్చుటచేత వీసా బాలాజీ అను పేరును ఏర్పడినది. సమీపమున మృగవని జాతీయోద్యానమందు జింకలు తిరుగుచుండును. ఈసీ మూసీలు రెండును లంగర్‌హౌజు దగ్గర కలియును. ఆ సంగమస్థలమే బాపూఘాటు. 1948లో మహాత్మాగాంధీ చితాభస్మమును ఇక్కడను కలిపిరి. మెహిదీపట్నము పోవు బస్సులు ఈ ప్రక్కనుండియే పోవును గాని, దిగి చూచువారు కొద్దిమంది.

అక్కడనుండి గోలకొండకు పోవలెను. కాకతీయుల కాలమున ఇది మట్టికోట యందురు. తరువాత బహమనీల చేతికి, 1518 ప్రాంతమున కుతుబ్‌షాహీ వంశమునకు వచ్చినది. కోట వాకిలి గోపురము క్రింద నిలిచి చప్పట్లు కొట్టిన ఆ ధ్వని కొండపైనున్న బాలాహిస్సారులో వినబడును. యాత్రికులందరును ఈ వింత చూచి సంతోషింతురు. కాని అంతకంటె గొప్ప వింత నీటి యేర్పాటు. క్రింది తొట్లలోని నీటిని చక్రముల సాయమున ఒక అంతస్తునుండి మరియొక అంతస్తునకు తోడి, మట్టిగొట్టముల ద్వారా కొండమీది మహళ్లకు అందించెడివారు. గోడలలో ఆ గొట్టములు నేటికిని కనబడును. పొలమునకు గొట్టములు పరచిన రైతు దీనిని చూచిన, పండితునికంటె ముందుగా దాని నేర్పును గ్రహించును.

వజ్రముల విషయమున ఒక పొరపాటును సవరించుకొనవలెను. గోలకొండ వజ్రములని లోకమంతట ప్రసిద్ధి. కాని ఈ కొండలో వజ్రముల గనులు లేవు. గనులు కృష్ణాతీరమున కొల్లూరు మున్నగు చోట్ల నుండెడివి. గోలకొండ వాని బేరమునకు, కావలికి స్థానము.

కోటలోనే రామదాసు బందిఖానా యని చూపుదురు. భద్రాచలమున దేవాలయము కట్టించిన కంచర్ల గోపన్నను తానీషా కాలమున ఇక్కడ బంధించిరి. ఆ తానీషా కొలువులోనే అక్కన్న మాదన్నలు మంత్రులుగా నుండిరి. కొండపైన మహంకాళి గుడియున్నది. ఆషాఢమాసములో జంటనగరముల బోనాలు ఇక్కడనే మొదలగును. ఒకే కొండమీద మసీదు, గుడి, రాజదర్బారు, భక్తుని చెర - ఇన్నియు కూడియుండుట ఆలోచింపదగిన విషయము. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తరువాత ఔరంగజేబు కోటను వశపరచుకొనెను.

కోటకు చేరువనే కుతుబ్‌షాహీ సమాధులున్నవి. ఈ వంశపు రాజులలో తానీషా ఒక్కని సమాధి ఇక్కడ లేదు. అతడు దౌలతాబాదు చెరలో మరణించెను. 2013లో మొదలైన జీర్ణోద్ధరణము 2024లో ముగిసినది. ఇక్కడ పూడిపోయిన పెద్ద మెట్లబావిని బాగుచేసి తిరిగి నీరు నిలుపుటకు అంతర్జాతీయ గుర్తింపు లభించినది.

ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి యెదుట తెలుగువారు ఒక నిమిషము నిలువవలెను. అతడు రాజ్యమునకు రాకముందు ఏడేండ్లు విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయమున నుండెను. తెలుగుకవులు అతనిని మల్కిభరాముడని ముద్దుగా పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును అతనికి అంకితమిచ్చెను. అచ్చతెనుగులో తొలికావ్యమైన యయాతిచరిత్రమును పొన్నికంటి తెలగన ఆ రాజ్యములోని అధికారియైన అమీన్‌ఖానునకు అంకితమిచ్చెను. అయితే ఆశ్రయమిచ్చిన రామరాయలపైననే ఇబ్రహీము 1565లో తక్కిన సుల్తానులతో గూడి యుద్ధము చేసెను. చరిత్రను చూడబోవువారు స్నేహమును వైరమును రెంటిని చూడవలెను. ఒకదానిని దాచి రెండవదానిని చెప్పుట న్యాయము కాదు.

గోలకొండలో జనము పెరిగి, చోటు చాలక, నీరు చాలక, మూసీకి దక్షిణపు టొడ్డున క్రొత్తనగరము కట్టవలసి వచ్చినది. దానికి ముందే 1578లో నదిపై వంతెన వెలసినది. అదియే పురానాపూలు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నగరమధ్యమున చార్మినారు కట్టించెను. హిజ్రీ లెక్కప్రకారము అది వేయవ సంవత్సరపు సంధికాలము. మహమ్మారి తొలగినందులకు కట్టించెనని జనశ్రుతియు కలదు. నగరమునకు రూపురేఖలు దిద్దిన మీర్ మోమిన్ అను విద్వాంసుడు ఇరాను దేశపు అస్తరాబాదువాడు. నగరము కట్టించిన రాజు దక్కనీ భాషలో కవిత్వము చెప్పినవాడు. ఆ కవితలలో ఇక్కడి పండుగలు, వానలు, పండ్లు, పూలు కనబడును. ఈ విధముగా ఈ నగరపు పునాదిలోనే పలు భాషలవారి పాలు కలదు.

చార్మినారు నాలుగు ప్రక్కలను నాలుగు దారులు పోవుచున్నవి. పైభాగమున పడమటి దిక్కున చిన్న మసీదున్నది. గడియారములు 1889లో అమర్చినవి. దగ్గరనే మక్కామసీదు గలదు. కుతుబ్‌షాహీల కాలమున మొదలుపెట్టిన ఈ కట్టడము 1694లో ఔరంగజేబు పాలనలో ముగిసినది. ఒక వంశము ఎత్తిన గోడలను దానిని కూలద్రోసిన వంశము పూర్తిచేసినది! లాడ్‌బజారున లక్కగాజులు చేయువారి పనితనమును నిలిచి చూడవలెను. పత్థర్‌గట్టి దాటిన తరువాత బాద్‌షాహీ ఆషుర్‌ఖానా కలదు. దాని గోడలపై రంగుపలకల పని నాలుగువందల యేండ్ల నాటిది. అందు క్రింది భాగము కొంత రంగులలో వెలితిగా కనబడును. అది 1908 వరద చేసిన గాయము.

ఆ వరద మాట చెప్పనిదే ఈ నగరము అర్థము కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి పట్నమును ముంచినది. సుమారు 15,000 మంది మరణించిరని లెక్క. నది యొడ్డున నున్న ఒక చింతచెట్టు పైకెక్కి దాదాపు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున పచ్చగా నిలిచియున్నది. వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. నదిని నగరములో గోడలతో ఆపుట చాలదనియు, నగరమునకు ఎగువననే నీటిని నిలిపి, మెల్లగా విడువవలెననియు ఆయన సలహా యిచ్చెను. ఆ ప్రకారము 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. వరదను ఆపు కట్టయే త్రాగునీటి తొట్టియైనది. మా పల్లెల యెగువ భూములలో పడిన వానయే పట్నము త్రాగిన నీరు.

వరద కొట్టుకొనిపోయిన తీరముననే క్రొత్త భవనములు లేచినవి. 1920లో హైకోర్టు, 1925లో ఉస్మానియా ఆసుపత్రి తెరువబడినవి. గుమ్మటములు, ఎత్తైన కమానులతో నది కిరువైపుల ఎదురెదురుగా నిలిచిన ఈ రెండు భవనములును యాత్రికులకు కన్నులపండువు. మనకో, ఒకటి బంధువును చూడబోవు చోటు, రెండవది వాయిదాకు పోవు చోటు. వాకిట నిలిచినవారు దుఃఖముతోనో భయముతోనో నిలుతురు గనుక తలయెత్తి చూడరు. ఆసుపత్రి పాతభవనము శిథిలమగుటచేత 2020లో రోగులను అందుండి తరలించిరి. గోషామహలునందు క్రొత్త ఆసుపత్రికి 2025లోను, రాజేంద్రనగరు వైపున క్రొత్త హైకోర్టునకు 2024లోను శంకుస్థాపనలు జరిగినవి. ఈ పాత భవనములను ఏమి చేయవలెనన్నది పట్నమువారి ప్రశ్న మాత్రమే కాదు. తరతరములుగా వాని మెట్లపై కూర్చుండిన పల్లెవారిదియు నైయున్నది.

అదే నదీతీరమున సాలార్‌జంగు మ్యూజియము కలదు. 1951లో నెహ్రూగారు దీనిని ప్రజలకొరకు తెరచిరి. 1968లో ఇప్పటి భవనమునకు వచ్చినది. శుక్రవారము సెలవు. గంటగంటకు చిన్నబొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టు గడియారము ముందు పిల్లలు, పెద్దలు బారులు తీరి కూర్చుందురు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన మేలిముసుగు రెబెక్కా విగ్రహమున చలువరాయియే పలుచని వస్త్రమువలె భ్రమ గొల్పును. ఒక కుటుంబము కూర్చిన వస్తువులు ప్రజల సొత్తగుట ఈ మ్యూజియము చెప్పు కథ.

రెండవ దినమున కోఠీ వైపు పోవలెను. అక్కడి రెసిడెన్సీ భవనమును ఆంగ్లేయ ప్రతినిధి కిర్క్‌పాట్రిక్ 1803 ప్రాంతమున మొదలిడెను. అతడు ఖైరున్నీసా అను స్థానిక కులీన యువతిని వివాహమాడెను. 1857లో తుర్రేబాజ్‌ఖాను, మౌల్వీ అలాఉద్దీను ఈ రెసిడెన్సీపైననే దాడి చేసిరి. స్వాతంత్ర్యానంతరము ఇది మహిళాకళాశాల యైనది. ఇప్పుడు ఇక్కడ నున్న మహిళా విశ్వవిద్యాలయము చాకలి ఐలమ్మ పేరు దాల్చినది. తన పొలముకొరకు దొరను ఎదిరించిన పల్లెటూరి స్త్రీ పేరు ఆంగ్లేయుని మహలుమీద వెలసినది. సమీపముననే సుల్తానుబజారులో 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము గలదు. తెలుగు చదువునకు చోటు కొఱవడిన దినములలో అది దీపమువలె నిలిచినది.

ఇక బస్సులో కండక్టరు కేకవేయు పేర్లను ఒకసారి వినుడు. మాసాబ్ ట్యాంకు - ఇది మాసాహెబా చెరువు. హయాత్‌బక్షీ బేగమును జనము గౌరవముతో మాసాహెబా యని పిలిచిరి. ఏ.సి. గార్డ్సు - నిజాము కొలువున నున్న ఆఫ్రికా అశ్వికదళము. వారి సంతతివారు ఇప్పటికిని అక్కడ కలరు. లకడీకాపూలు - ఒకప్పటి కఱ్ఱవంతెన. బార్కసు - బ్యారక్సు అను మాటకు జనుల నోట కలిగిన రూపు. అరేబియాలోని హద్రమౌతు నుండి వచ్చిన సైనికులు అక్కడ నివసించిరి. వారి హరీసు అను వంటకమునుండి పుట్టినదే హలీము. 2010లో హైదరాబాదు హలీమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. మూసారాంబాగు - ఫ్రెంచి సేనాని రేమండు పేరు. అతనిని ముస్లిములు మూసా రహీమనియు, హిందువులు మూసారామనియు పిలిచిరందురు. 1798లో మరణించిన అతని సమాధి మలకుపేట సమీపమున ఒక మిట్టపై నున్నది. ఈ విధముగా కండక్టరు టికెట్టు చించుచు రోజును చరిత్రపాఠము చెప్పుచున్నాడు. వినునది మనము కాము.

సికిందరాబాదు 1806 నుండి సికిందరుజా పేరిట పెరిగిన దండుప్రదేశము. 1850లో కట్టిన సెయింట్ మేరీ చర్చి, పారసీకుల అగ్నిదేవాలయము, ఉజ్జయినీ మహంకాళి గుడి ఒకదానికొకటి దూరము కావు. పారసీకుల ఆలయమున అన్యులకు ప్రవేశము లేదు. వెలుపలి నుండి చూచి నమస్కరించి రావలెను. దాహమైనచో ఇరానీ హోటలులో కూర్చుండి చాయ త్రాగవలెను. ఉస్మానియా బిస్కత్తు దానిలో ముంచుకొని తినుట అక్కడి మర్యాద.

సాయంకాలము హుస్సేన్‌సాగరు. ఇది 1562 ప్రాంతమున ఇబ్రహీము కాలమున త్రవ్వబడినది. నడుమ నిలిచిన బుద్ధవిగ్రహము ఏకశిల. 1990లో దానిని పడవపై తరలించునపుడు పడవ ఒరిగి విగ్రహము నీట మునిగినది. పలువురు పనివారు మరణించిరి. 1992లో తిరిగి పైకెత్తి నిలిపిరి. శాంతమూర్తి వెనుక ఆ శ్రామికుల ప్రాణములు గలవని మరువరాదు.

ఇన్నియు చూచి మొయినాబాదు దారిన తిరిగి వచ్చునపుడు జలాశయము తిరిగి కనబడును. ఇప్పుడు ఆ నీరు వేరుగా తోచును. పట్నములో మనము చూచిన నదీతీరపు కట్టడములన్నింటికి ఈ రెండు కట్టలే కంచుకోటలు. 1996లో వెలువడిన 111వ నంబరు ఉత్తరువు ఈ జలాశయములకు పది కిలోమీటర్ల లోపలి 84 గ్రామములందు పెద్ద కట్టడములను, కాలుష్యకారక పరిశ్రమలను నిషేధించినది. మొయినాబాదు ప్రాంతపు పల్లెలు పెక్కు అందున్నవి. 2022లో ఆ కట్టుబాట్లను సడలించుచు వేరొక ఉత్తరువు వచ్చినది. పట్నము నీటికొరకు మా భూముల విలువ ఏల తగ్గవలెనని రైతులడుగుట అన్యాయము కాదు. వాగులు పూడ్చి మేడలు కట్టిన చెరువునకు నీరెట్లు వచ్చునని తక్కినవారడుగుటయు అన్యాయము కాదు. 2025 సెప్టెంబరు చివర భారీవర్షములకు జలాశయముల గేట్లెత్తగా మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సుస్టేషనులోనికి నీరు వచ్చినది. నూటపదునేడేండ్ల నాటి పాఠము మరల తలుపు తట్టినది. ఎగువ పల్లెలు కాపాడినంతకాలమే దిగువ పట్నము క్షేమము. ఆ కాపుదలకు తగిన ప్రతిఫలమును పల్లెలకు చెల్లించుట పట్నమునకు ధర్మము. ఈ రెండు మాటలను కలిపి ఆలోచించినగాని చిక్కు వీడదని మా తలంపు.

ఈ సంగతులన్నియు మేము ఆ పెద్దమ్మకు ఒకనాటి సాయంత్రము చెప్పితిమి. గోలకొండ మాటకు తల యూపినది. రెబెక్కా ముసుగు మాటకు నవ్వినది. చింతచెట్టు మాట రాగానే మౌనమైపోయినది. కొంతసేపటికి, "ఆ చెట్టు కిందనే మూడు రాత్రులు పండుకున్న బిడ్డా, మీ పెద్దయ్య లోపల ఉన్నప్పుడు. గంత మందిని బతికిచ్చిన చెట్టని నాకెవ్వలు చెప్పలే" అన్నది. తరువాత, "వచ్చే ఆదివారం పూలు అమ్ముడువోయినంక నన్ను ఆడికి తోల్కపో. ఇప్పుడు మంచిగ చూస్త" అన్నది.

పట్నము చూచుట యనగా ఇదియే. క్రొత్తచోటికి పోవుట మాత్రమే చూచుట కాదు. మనము కూర్చుండిన నీడ ఎవరిదో, త్రాగిన నీరు ఎచ్చటిదో తెలిసికొనుటయు చూచుటయే. శ్రోతలు ఈ మారు పట్నము పోవునపుడు పని ముగిసిన తరువాత ఒక పూట మిగుల్చుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, తలయెత్తి చూచిరావలెనని మా మనవి.